రెండో కూన తర్వాత ఆగిన కాన్పు: ఒక పర్షియన్ పిల్లి కేస్ స్టడీ

రెండేళ్ల డాల్‌ఫేస్ (మూతి మరీ చప్పిడిగా లేని రకం) పర్షియన్, తొలిచూలు. చూలుకు ముందు బరువు 3.1 కిలోలు. ఊరు విజయవాడ, నెల మే, ఆ రోజు ఎండ 42 డిగ్రీలు. తెల్లవారుజామున రెండు కూనలను ఇబ్బంది లేకుండా పెట్టింది. ఆ తర్వాత కాన్పు ముందుకు సాగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు క్లినిక్‌కు తెచ్చారు. అప్పటికి రెండో కూన పుట్టి 8 గంటల 20 నిమిషాలు.

"పిల్లులు మధ్యలో ఆగి మళ్లీ పెడతాయట కదా డాక్టరుగారూ, అందుకే చూస్తూ ఉన్నాం" అన్నారు ఇంటివాళ్లు. వాళ్లు విన్నది అబద్ధం కాదు. కొన్ని పిల్లులు ఒకటో రెండో కూనలను పెట్టి, 24 గంటలు, ఒక్కోసారి 36 గంటల దాకా ఆగి, మిగతావాటిని హాయిగా పెడతాయి. కుక్కల్లో ఇలా ఉండదు. అందుకే కుక్కల అనుభవం ఉన్నవాళ్లు పిల్లి విషయంలో అనవసరంగా కంగారుపడతారు. పిల్లి సంగతి కొంచెం తెలిసినవాళ్లు అవసరమైనప్పుడు కూడా కంగారుపడరు. ఈ కేసు రెండో రకం.

లెక్కలు, ముందు చరిత్ర

మగపిల్లి దగ్గర మూడు రోజులు ఉంచారు. పిల్లికి జత కట్టాకే అండం విడుదలవుతుంది కాబట్టి రోజుల లెక్కలో రెండు మూడు రోజుల తేడా ఎప్పుడూ ఉంటుంది. మొదటి జత నుంచి లెక్కిస్తే 65వ రోజు, చివరి జత నుంచి లెక్కిస్తే 63వ రోజు. నెలలు నిండిన కాన్పే. 30వ రోజు ప్రాంతంలో స్కానింగ్ చేయించారు, "నాలుగు ఉండొచ్చు" అన్నారు. స్కానింగ్‌లో చూలు ఉందా, గుండెలు కొట్టుకుంటున్నాయా అన్నది బాగా తెలుస్తుంది గానీ సంఖ్యను నమ్మలేం. కూనల ఎముకలు గట్టిపడ్డాక, 55వ రోజు దాటాక తీసే ఎక్స్‌రేలో తలలూ వెన్నెముకలూ లెక్కపెట్టుకోవచ్చు. ఈ పిల్లికి ఆ ఎక్స్‌రే తీయలేదు. లోపల ఇంకెన్ని ఉన్నాయో తెలియకపోతే కాన్పు అయిపోయిందా ఆగిపోయిందా అన్నది కూడా తెలియదు.

మరో సంగతి. 40వ రోజు నుంచి రోజూ కాల్షియం సిరప్ పోశారు. మంచి మనసుతో చేసేదే గానీ, బయటి నుంచి కాల్షియం అందుతుంటే ఎముకల్లోంచి దాన్ని తీసుకొచ్చే పారాథైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. కాన్పు నొప్పులూ పాలూ ఒక్కసారిగా మీదపడిన రోజు ఆ గ్రంథి అంత తొందరగా మేలుకోదు. చూలు పిల్లికి కూనల కోసం తయారుచేసే మేత పెడితే చాలు, కాల్షియం విడిగా అక్కర్లేదు.

ఇంట్లో జరిగింది

ఇంటావిడ తన చెల్లెలికి ఎప్పటికప్పుడు పంపిన వాట్సాప్ మెసేజ్‌లే ఈ భాగానికి కేస్‌షీట్. టైముతో సహా ఉన్నాయి.

ముందురోజు రాత్రి 8 గంటలు: తిండి ముట్టలేదు. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే 99.2 ఫారన్‌హీట్. అంతకుముందు మూడు రోజులూ 101 దగ్గర ఉంది. పిల్లికి మామూలుగా 100.5 నుంచి 102.5 ఉంటుంది, 100 కిందికి దిగితే చాలావాటికి 24 గంటల్లో నొప్పులు మొదలవుతాయి. కుక్కల్లో కుదిరినంత కచ్చితంగా పిల్లుల్లో ఇది కుదరదు. దిగితే సిద్ధంగా ఉండాలి, దిగకపోయినా కాన్పు రావచ్చు.

రాత్రి 11: బీరువా అడుగు అరలో చీరల మీద చేరి గీరుతోంది, మళ్లీ మళ్లీ వెనక భాగం నాక్కుంటోంది, రొప్పుతోంది. రొప్పు ఎండ వల్ల అనుకుని కూలర్ పెట్టారు. చల్లటి గదిలో పడుకుని కూడా రొప్పే పిల్లికి ఎండ కారణం కాదు. గర్భసంచి ముఖం తెరుచుకునే ఈ మొదటి దశ 6 నుంచి 12 గంటలు, తొలిచూలులో 24 గంటల దాకా నడవొచ్చు. బయటికి ముక్కడం కనిపించదు.

3.30: ముక్కడం మొదలు. 3.50: మొదటి కూన, తల ముందు, 96 గ్రాములు, వెంటనే మాయ. 4.40: రెండోది, ఎదురుకాళ్లతో, 92 గ్రాములు, దాని మాయ కూడా పడింది. ఎదురుకాళ్లు చూసి ఇంటివాళ్లు భయపడ్డారు. నిజానికి పిల్లికూనల్లో మూడో వంతుకు పైగా అలాగే పుడతాయి. వెనక కాళ్లు చాచుకుని ముందు వస్తే ఇబ్బంది లేదు. కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని పిర్రలు ముందు వస్తేనే ఇరుక్కుంటుంది.

4.40 నుంచి 6.10 వరకు: కూనలను నాకింది, పక్కన పడుకుని పాలిచ్చింది, లేచి నీళ్లు తాగింది. ఈ గంటన్నర నిజమైన విరామం.

6.10: మళ్లీ గట్టిగా ముక్కుతోంది. 6.35 దాకా ఆపకుండా ముక్కింది, ఏమీ రాలేదు. ఆ తర్వాత మెసేజ్‌లో "అలిసిపోయి పడుకుంది, రెస్ట్ తీసుకుంటోంది" అని ఉంది.

కేసు మలుపు తిరిగింది ఈ 25 నిమిషాల్లోనే. గట్టిగా ముక్కుతూ 20 నుంచి 30 నిమిషాల్లో కూన రాకపోతే దారికి ఏదో అడ్డుపడిందని లెక్క. 6.35కి ఫోన్ వచ్చి ఉంటే లోపల ఉన్న మూడింటికీ అవకాశం ఉండేది.

7 నుంచి 11: పది పదిహేను నిమిషాలకోసారి పలుచగా ముక్కింది. కూనలను వదిలి నాలుగైదుసార్లు లిట్టర్ ట్రేలోకి వెళ్లి కూర్చుంది, మూత్రం రాలేదు, విరేచనం రాలేదు. మలబద్ధకం అనుకుని ఆముదం పోద్దామనుకున్నారు, పోయకపోవడం నయం. కటి ద్వారంలో, అంటే తుంటి ఎముకల మధ్య దారిలో, కూన ఒత్తుతుంటే పిల్లికి విరేచనం వస్తున్నట్టే అనిపిస్తుంది. కాన్పు మధ్యలో ట్రేలో ఊరికే కూర్చుని లేచే పిల్లి ముక్కుతున్నట్టే. కొన్నిసార్లు కూన ఆ ట్రేలోనే పడిపోతుంది కాబట్టి ఇసుక తీసేసి పాత గుడ్డ పరచాలి.

9.00: దుప్పటి మీద ముదురు గోధుమరంగు మరక. మాయ గర్భసంచి గోడ నుంచి విడివడినప్పుడు వచ్చే రంగు ఇది. కుక్కలో ముదురు ఆకుపచ్చగా ఉంటుంది, పిల్లిలో ఎక్కువగా ఎరుపు కలిసిన గోధుమరంగు. "పచ్చగా రాలేదు కదా" అన్న ధైర్యం పిల్లికి పనికిరాదు. మాయ విడిపోయిన కూనకు ఆక్సిజన్ అందే దారి తెగినట్టే.

11.30: పాలివ్వడానికి ఒప్పుకోవడం లేదు, కూనలు ఏడుస్తున్నాయి. 12.00: తెలిసినవాళ్లెవరో "గేదెలకు వేసే పాల ఇంజెక్షన్ వేయించండి, గంటలో పెట్టేస్తుంది" అన్నారు. అదృష్టవశాత్తూ వేసేవాళ్లు దొరకలేదు.

పరీక్షలు

బరువు 3.7 కిలోలు. ఉష్ణోగ్రత 100.1. గుండె నిమిషానికి 210. చిగుళ్లు కొంచెం పాలిపోయాయి, నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు. ఒంట్లో నీరు ఆరు శాతం మేర తగ్గింది. 100 మి.లీ. రక్తంలో గ్లూకోజ్ 58, మొత్తం కాల్షియం 7.4 మిల్లీగ్రాములు, రెండూ తక్కువే. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 29. నిండుచూలులో ఆ అంకె కొంత దిగడం మామూలే.

గ్లవ్ వేసి, జెల్లీ రాసి, చిటికెనవేలితో యోని పరీక్ష. పర్షియన్‌లో వేలి మొదటి కణుపు దాటి వెళ్లడమే కష్టం. వేలి కొసకు గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. ముక్కు లేదు, పాదం లేదు, తోక లేదు. పైగోడను వేలితో నిమిరితే మామూలుగా పిల్లి వెంటనే ముక్కాలి. ఇది కదల్లేదు. గర్భసంచి అలిసిపోయింది.

ఎక్స్‌రే రెండు కోణాల్లో తీశారు. మూడు కూనలు. మొత్తం ఐదన్నమాట, స్కానింగ్‌లో చెప్పిన నాలుగు కాదు. అడుగునున్నది కటి ద్వారం దగ్గర ఆగింది. వెన్నెముక నేరుగా వస్తోంది గానీ తల పక్కకు మడిచి సొంత పక్కటెముకల వైపు తిరిగి ఉంది. వేలికి తగిలింది భుజం, మెడ వంపు. ఇలా మెడ మడిచిన కూన, తల్లి ఎంత ముక్కినా బయటికి రాదు, ముక్కేకొద్దీ మెడ ఇంకా మడుస్తుంది. పుర్రె ఎముకలు ఒకదానిమీదొకటి ఎక్కినట్టున్నాయి. అది ప్రాణం లేదనే సూచన.

స్కానింగ్‌లో దానికి గుండె కొట్టుకోవడం లేదు. రెండోదానికి 168, మూడోదానికి 196. పుట్టబోయే పిల్లికూన గుండె 200 పైన ఉండాలి. 180 దిగితే ఇబ్బందిలో ఉన్నట్టు, 150 దిగితే ఇక నిమిషాల వ్యవహారం. ఒక్క కొలతతో తేల్చకుండా పది నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే రెండోది 150కి వచ్చింది.

ఆక్సిటోసిన్ ఎందుకు వేయలేదు

గేదెలకు వేసే పాల ఇంజెక్షన్ అంటే ఈ ఆక్సిటోసినే, గర్భసంచిని బిగించి నొప్పులు తెప్పించే మందు. దారి తెరిచి ఉండి, కూన పరిమాణమూ పొజిషనూ సరిగా ఉండి, గర్భసంచి మాత్రమే మెత్తబడిన సందర్భంలో దీనికి చోటుంది. అప్పుడు కూడా పిల్లికి మోతాదు 0.25 నుంచి 1 యూనిట్, కండలో. 30 నిమిషాలు చూసి ఇంకొక్కసారి, అంతటితో ఆపాలి. ఎక్కువ వేస్తే గర్భసంచి విడవకుండా బిగుసుకుపోయి మాయకు రక్తం ఆగిపోతుంది, బతికున్న కూనలు లోపలే పోతాయి. దారికి అడ్డు ఉన్నప్పుడు వేస్తే గర్భసంచి చిరిగిపోవచ్చు.

మోతాదులో తప్పు ఎక్కడ జరుగుతుందో చూడాలి. మనుషుల ఆంప్యూల్‌లో 1 మి.లీ.కి 5 యూనిట్లు. అర యూనిట్ కావాలంటే 0.1 మి.లీ. అంత చిన్న కొలతకు ఇన్సులిన్ సిరంజి తీసుకుంటారు, దాని మీద కూడా యూనిట్ల గీతలే ఉంటాయి, కానీ అవి ఇన్సులిన్ యూనిట్లు. యూ-40 సిరంజిలో 1 మి.లీ.కి 40 గీతలు, కాబట్టి అర యూనిట్ ఆక్సిటోసిన్ అంటే నాలుగు గీతలు. సిరంజి సగానికి లాగితే 2.5 యూనిట్లు పోయినట్టే. గేదె లెక్కన మొత్తం ఆంప్యూల్ వేస్తే చెప్పేదేముంది.

ఈ పిల్లిలో దారి మూసుకుంది, ఒక కూన చనిపోయింది, ఇంకోటి గుండె దిగుతోంది. సిజేరియన్ ఒక్కటే దారి.

ఆపరేషన్

సిద్ధం చేస్తూనే గోరువెచ్చని రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) 20 నిమిషాల్లో 37 మి.లీ. ఎక్కించారు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) 7.5 మి.లీ.ను 11 మి.లీ. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా నరంలో ఇచ్చారు. కాల్షియం మాత్రం అప్పుడు ఇవ్వలేదు. అది గర్భసంచి బిగువు పెంచుతుంది, అడ్డు తీయకముందు ఆ బిగువు పనికిరాదు. కూనలు బయటికొచ్చాక 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 1.8 మి.లీ.ను పలుచన చేసి, 15 నిమిషాల పాటు, గుండె వింటూ ఇచ్చారు. గుండె వేగం తగ్గినట్టు అనిపిస్తే అక్కడే ఆపాలి. నాలుగు నోళ్లకు పాలివ్వాల్సిన తల్లి కాబట్టి 7.4 దగ్గర వదిలేయడం కుదరదు.

పొట్ట వెంట్రుకలు మత్తుకు ముందే, పక్కకు పడుకోబెట్టి తీశారు. మాస్క్‌తో 5 నిమిషాలు ఆక్సిజన్. జైలజీన్, కెటామైన్ జోడీ చాలాచోట్ల చేతికందే మత్తుమందే గానీ మాయ దాటి కూనలను మగతలో పడేస్తుంది, వాటి ఊపిరి మొదలవదు. ఇక్కడ మత్తుకు ప్రొపొఫాల్ 1.5 మి.లీ. నెమ్మదిగా. గొంతు బిగుసుకోకుండా 2 శాతం లిగ్నొకేన్ (తిమ్మిరి మందు) 0.1 మి.లీ. చుక్క వేసి ఊపిరి దారిలోకి 3.5 సైజు గొట్టం, ఆపైన ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్. కోత గీత వెంబడి లిగ్నొకేన్ 0.35 మి.లీ. పలుచన చేసి వేశారు. అందువల్ల గ్యాస్ తక్కువతో గడిచింది. పిల్లికి లిగ్నొకేన్ మొత్తం కిలోకు 4 మిల్లీగ్రాములు దాటకూడదు, గొంతులో వేసిన చుక్క కూడా లెక్కలోకి వస్తుంది. యాంటీబయాటిక్ సెఫజోలిన్ 80 మిల్లీగ్రాములు. నొప్పి మందు బ్యూప్రెనార్ఫిన్ 0.25 మి.లీ. చివరి కూన బయటికొచ్చాకే.

గర్భసంచి నడిమి భాగంలో ఒక్కటే కోత. ముందు బతికున్న రెంటినీ రెండు కొమ్ముల నుంచి పిండుతూ కోత దగ్గరికి తెచ్చి తీశారు. మత్తు మొదలైన దగ్గర నుంచి మొదటి కూన చేతికి రావడానికి 14 నిమిషాలు. ఇరుక్కున్న కూనను చివరికి వెనక్కి లాగి తీశారు. బరువు 118 గ్రాములు, మిగతావాటికంటే పెద్దది, పుట్టుకలోపం ఏదీ కనపడలేదు. అది ఒత్తుకున్న చోట గర్భసంచి గోడ నల్లబారింది గానీ చిరగలేదు. లోపలి ద్రవం రంగు మారి ఉండటంతో, ఇంటివాళ్ల ఒప్పుదలతో గర్భసంచినీ అండాశయాలనూ తీసేశారు. తీసేస్తే పాలు రావేమో అన్న భయం అందరికీ ఉంటుంది. పాలు రప్పించే ప్రొలాక్టిన్ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది కాబట్టి పాలకు లోటు రాదు.

కూనల ఊపిరి

గుండె 196 కొట్టుకున్న మూడోది 101 గ్రాములు. టవల్‌తో వీపు రుద్దగానే 40 సెకన్లలో కీచుమంది. గుండె 150కి దిగినది 88 గ్రాములు, చేతిలో గుడ్డపీలికలా వేలాడింది. రబ్బరు బల్బుతో ముందు నోరు, తర్వాత ముక్కు శుభ్రం చేశారు. తల కిందికి పట్టుకుని విసరడం పాత పద్ధతి, మెదడులో రక్తం చిమ్ముతుంది, చేయకూడదు. రుద్దుతూ, చిన్న మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తూ ఉన్నా ఊపిరి లేదు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. అప్పుడే పుట్టిన కూనలో గుండె నెమ్మదించడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఆక్సిజన్ లేకపోవడమే. గుండె మందుల కంటే గాలి ముందు. మాస్క్ బిగించి చిన్నగా ఊదుతూ, ముక్కుకూ పైపెదవికీ మధ్య గాడిలో 26 గేజ్ సూది ఎముక తగిలేదాకా గుచ్చి తిప్పారు. నాలుగో నిమిషంలో ఒక ఎక్కిలి, ఆ వెనకే ఇంకొకటి, తర్వాత ఏడుపు.

బొడ్డుతాడును పొట్టకు ఒక సెంటీమీటరు దూరంలో దారంతో కట్టి, కత్తిరించి, కొసకు బెటాడిన్.

ఇంట్లో పుట్టిన రెండింటి సంగతి అందరూ మరిచేపోయారు. వాటి ఒంటి వేడి 94. మొదటి వారంలో 95 నుంచి 97 ఉండాలి. చల్లబడ్డ కూనకు పేగులు కదలవు. పాలు పోస్తే కడుపులోనే పులుస్తాయి, లేదంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. టవల్ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి గంటసేపు నెమ్మదిగా వేడెక్కించాకే నోటికి చుక్క వేశారు. తల్లి తల ఎత్తగానే నాలుగింటినీ చనుమొనలకు పట్టించారు. ముర్రుపాలలోని రక్షణ పదార్థాలను కూన పేగు తీసుకునేది పుట్టిన 16 గంటల వరకే కాబట్టి తెలివి పూర్తిగా వచ్చేదాకా ఆగలేదు, ఒక మనిషి పక్కనే కూర్చున్నారు. ఆపరేషన్‌లో పుట్టిన కూనలను తల్లి మొదట గుర్తుపట్టకపోవచ్చు, మత్తులో మీద పడుకోవచ్చు.

విరామమా, అలసటా

ఈ పిల్లి రెండుసార్లు ఆగింది. 4.40కి ఆగినప్పుడు నాకింది, పాలిచ్చింది, నీళ్లు తాగింది, ఒక్కసారి కూడా ముక్కలేదు. 6.35కి ఆగినప్పుడు పడుకునే ఉంది, మధ్యమధ్య ముక్కుతోంది, కూనలను వదిలి తిరుగుతోంది. గడియారం మాత్రమే చూస్తే రెండూ విరామాలే. మొదటిది గర్భసంచి తనంతట తాను తీసుకున్న విశ్రాంతి, రెండోది ఓటమి. ఆగిన పిల్లి తింటూ, తాగుతూ, కూనలను చూసుకుంటూ, వేడి మామూలుగా ఉంటే ఒక రోజు ఆగవచ్చు. పలుచగా ముక్కుతూ రెండు గంటలు దాటినా, ముదురు మరక కనపడి గంటలో కూన రాకపోయినా, ఎర్రటి రక్తం పది నిమిషాలకు మించి కారినా, దుర్వాసన వచ్చినా, వేడి 103 దాటినా, పిల్లి వణికినా ఆగకూడదు. కూన సగం బయటికొచ్చి పది నిమిషాలు గడిస్తే జెల్లీ రాసి, పొడి గుడ్డతో భుజాలనో పిర్రలనో పట్టుకుని, తల్లి ముక్కినప్పుడు మాత్రమే కిందికి వంపుగా లాగాలి. ఒక్క కాలునో తలనో పట్టి లాగితే ఊడుతుంది. కదలకపోతే వదిలేసి బయల్దేరాలి.

జాతి మాట కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 1995లో అచ్చయిన సర్వేలో మొత్తం కాన్పుల్లో 5.8 శాతం కష్టకాన్పులు. ఒక మిశ్రమ జాతి పిల్లుల గుంపులో అది 0.4 శాతం, డెవన్ రెక్స్‌లో 18.2. చప్పిడి ముఖాలూ, మరీ పొడుగు ముఖాలూ ఉన్న జాతుల్లో ఎక్కువ. మన వీధి పిల్లి గోడ చాటున నాలుగు పెట్టి వెళ్లిపోతుంది కదా అన్న పోలిక పర్షియన్‌కు వర్తించదు, మూతి లోపలికి నొక్కుకుపోయిన పంచ్‌ఫేస్‌కు అసలే వర్తించదు.

తర్వాత

తల్లిని ఒక రాత్రి ఉంచి పంపారు. యాంటీబయాటిక్‌గా అమాక్సిసిలిన్, క్లావులనేట్ ఐదు రోజులు. ఒంట్లో నీరు తగ్గి వచ్చింది కాబట్టి నొప్పి మందు మెలాక్సికామ్ ఇవ్వలేదు. మూడో రోజు కాల్షియం 8.9. పదో రోజు కుట్లు తీశారు.

కూనలను రోజూ ఒకే వేళకు వంటింటి డిజిటల్ కాటాలో తూచమన్నారు. 88 గ్రాములది రెండో రోజుకు 84కి దిగింది. మొదటి రోజు పదో వంతు లోపు తగ్గడం చూసీచూడనట్టు వదలొచ్చు, రెండో రోజు కూడా పెరగకపోతే వదలకూడదు. పిల్లికూనల పాలపొడి కలిపి మూడు గంటలకోసారి పట్టారు, ప్రతిసారీ ముందు తల్లి దగ్గర పెట్టి, తర్వాతే పైపాలు. నాలుగో రోజు నుంచి రోజుకు 8 గ్రాములు, వారం తర్వాత 10 గ్రాముల చొప్పున పెరిగింది. 14వ రోజు బరువులు: 205, 198, 214, ఆ చిన్నది 176. కళ్లు అన్నిటికంటే ఒక రోజు ఆలస్యంగా తెరిచింది.